బ్యాండు మాస్టారి జీవితచరిత్ర ఎక్కడ?

అమెరికాలో ఏదో ఒక చిన్న ఊరు అనుకోండి. అక్కడ ఓ ముసలాయన. కుర్రతనంలో యుద్ధానికి వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చాక నలభై ఏళ్ళు ఊరి క్లబ్బుల్లో, చర్చిలో, పెళ్ళిళ్ళలో జాజ్ పియానో వాయించాడు. పెద్ద కంపెనీలేవీ ఆయన రికార్డులు వెయ్యలేదు. పేరు ఆ జిల్లా పొలిమేర దాటలేదు. అయినా ఆయన పోయినప్పుడు ఊరి పేపరు సగం పేజీ ఆయనకి ఇస్తుంది. ఏ రెజిమెంటులో పనిచేశాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏ పాట ఎక్కువగా వాయించేవాడు, అన్నీ రాస్తుంది. 2000లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మాజీ సైనికుల జ్ఞాపకాలను వాళ్ళ గొంతుల్లోనే సేకరించి దాస్తోంది. ఇప్పటికి లక్షమందికి పైగా చేరారు. జనరళ్ళే కాదు, వంటవాళ్ళు, డ్రైవర్లు, బ్యాండు వాయించినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇక మా వైపు రండి. ఏలూరు దాటాక దెందులూరు, భీమడోలు, ఆ పైన తాడేపల్లిగూడెం. ఇటు చూస్తే కొల్లేటి లంకలు. ఈ మేరలో అలాంటి మనిషి జీవితచరిత్ర ఒక్కటి చూపించండి. నాకైతే కనబడలేదు. మనిషే లేడా అంటే, ఉన్నాడు. కాకపోతే ఆయన వాయించింది పియానో కాదు. హార్మోనియం పెట్టో, క్లారినెట్టో, ట్రంపెట్టో. ఆయనకి మనం పెట్టిన పేరు కళాకారుడు కాదు, 'బ్యాండు మేళం వాడు'. యుద్ధానికి వెళ్ళొచ్చినవాణ్ణి 'మిలిటరీ ఆయన' అంటాం. ఇంటిపేరూ ఒంటిపేరూ రెండూ పోయి ఆ మాట ఒక్కటే మిగులుతుంది.

నా ఆరోపణ ఇది. మన దగ్గర స్థానిక సంగీతకారుల జీవితచరిత్రలు లేకపోవడానికి కారణం వాళ్ళ జీవితాల్లో విషయం లేకపోవడం కాదు. వాళ్ళని మనుషులుగా కాక పనిముట్లుగా చూడటం మనకి అలవాటు. ఆ అలవాటు వెనక కులం ఉంది, సినిమా మోజు ఉంది, 'సాహిత్యానికి తగిన జీవితం' అని మనం గీసుకున్న గిరి ఉంది.

భాష దగ్గర మొదలుపెడదాం. ఎవడైనా పెద్దవాణ్ణి పొగిడితే 'బాకా ఊదుతున్నాడు' అంటాం. ఒకడు తన గొప్ప తను చెప్పుకుంటే 'డప్పు కొట్టుకుంటున్నాడు' అంటాం. ఒకరి మాటకి తలాడిస్తే 'తాళం వేస్తున్నాడు', 'వంత పాడుతున్నాడు' అంటాం. 'మేళం' అనే మాటని కళావంతుల ఆడవాళ్ళ మీద తిట్టుగా ఎలా వాడామో చెప్పక్కర్లేదు. గమనించండి, వీణ మీద ఒక్క తిట్టూ లేదు. తిట్లన్నీ ఊదేవాళ్ళ మీద, కొట్టేవాళ్ళ మీద, పక్కన నిలబడి సాయం పట్టేవాళ్ళ మీద. ఎవరి చేతిలోది వాద్యం, ఎవరి చేతిలోది చప్పుడు అన్నది చెవి తేల్చిన తేడా కాదు.

వెంటనే ఒక జవాబు వస్తుందని తెలుసు: 'బ్యాండు మేళాన్ని జాజ్‌తో పోలుస్తావా?'

పోలుస్తాను. జాజ్ ఏం ఆకాశం నుంచి ఊడిపడలేదు. న్యూ ఆర్లియన్స్‌లో ఊరేగింపు బ్యాండ్లు ఉండేవి. సైనిక బ్యాండ్ల నుంచి వచ్చిన బాకాలు, డ్రమ్ములు నల్లవాళ్ళ చేతుల్లో పడ్డాయి. పెళ్ళికీ, పండక్కీ, శవయాత్రకీ అవే వాయించేవాళ్ళు. మన బ్యాండ్ల పుట్టుక కూడా అక్కడే, అంటే తెల్లదొర సైన్యంలోనే ఉంది. దేశమంతటికీ బ్యాండు వాద్యాలు తయారుచేసే పెద్ద అంగడి మీరట్‌లో ఉంది. అక్కడ పేరున్న నాదిర్ అలీ కంపెనీని 19వ శతాబ్దం చివర పెట్టిన మనిషి బ్రిటిష్ సైన్యంలో బ్యాండు నడిపినవాడే. ఊరేగింపులో భుజానికి జరీపట్టీల కోటు, నెత్తిన టోపీ ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించామా? అది సిపాయి వేషం. వాద్యాలు దాదాపు అవే, పనులూ అవే: పెళ్ళి, జాతర, చావు. అక్కడ దాన్ని కూడా మొదట్లో పెద్దమనుషులు అసహ్యించుకున్నారు, సంగీతమే కాదన్నారు. తర్వాత ఎవరో కూర్చుని విన్నారు, రాశారు, రికార్డు చేశారు. ఇక్కడ ఏడేళ్ళకోసారి ఏలూరు గంగానమ్మ జాతరలో, ఏటా పెళ్ళిళ్ళ ముహూర్తాల్లో వాటి వెనకే నడిచాం. నడుస్తూ విన్నాం, కూర్చుని వినలేదు.

పియానో సంగతికి వస్తాను. మా ఊళ్ళలో పియానో లేదు నిజమే. దాని పని చేసింది హార్మోనియం. అదీ యూరప్‌లో పుట్టిందే. దాన్ని కింద కూర్చుని ఒక చేత్తో గాలి కొడుతూ వాయించే పెట్టెగా కలకత్తాలో మార్చుకున్నాం. పద్యనాటకం రోజులు తలుచుకోండి. సత్యహరిశ్చంద్ర, పాండవోద్యోగ విజయాలు, చింతామణి. రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారేదాకా. నటుడు పద్యం ఎత్తుకుంటాడు. ఏ రాగంలో ఎత్తుకుంటాడో, ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ గొంతు జీర పోతుందో ముందు ఎవడికీ తెలీదు. పెట్టె దగ్గర కూర్చున్నవాడు ఆ క్షణంలో పట్టుకోవాలి. నటుడు ఊపిరి తీసుకునే సందులో తను నాలుగు స్వరాలు వేసి రాగం నిలబెట్టాలి. జనం 'వన్స్ మోర్' అంటే మళ్ళీ మొదలు, ఈసారి నటుడు వేరే దారిన పోతాడు. కాగితం లేదు, రిహార్సల్ లేదు. ముందు రాసుకోకుండా అప్పటికప్పుడు వాయించడమే జాజ్ ప్రాణం అంటారు కదా, మరి దీన్ని ఏమనాలి?

పీసపాటి పేరు మనకి తెలుసు. షణ్ముఖి ఆంజనేయరాజు పేరు తెలుసు. ఈలపాట రఘురామయ్య పేరు తెలుసు. తెలియాల్సిన పేర్లే. వాళ్ళ పక్కన రాత్రంతా పెట్టె వాయించిన ఒక్కరి పేరు, ఏ ఊరో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, చప్పున చెప్పండి చూద్దాం. కరపత్రంలో 'హార్మోనియం: ఫలానా' అని చివరి వరసలో చిన్న అక్షరాల్లో వేసేవాళ్ళు. చరిత్రలోకి ఆ చిన్న అక్షరాలు కూడా రాలేదు. సర్కారు పద్ధతీ అదే. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. అది మన సంగీతానికి పనికిరాదన్నది అప్పటి వాదం. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. ముప్ఫై ఏళ్ళు! సరిగ్గా ఆంధ్రదేశంలో పద్యనాటకం వెలిగిన రోజులవి. నటుడి పద్యం రేడియోలో రావొచ్చు, దాన్ని నిలబెట్టిన పెట్టె మాత్రం గుమ్మం బయటే ఆగాలి. ఆ ముప్ఫై ఏళ్ళ హార్మోనిస్టుల గురించి మనకి ఏం తెలుసంటే దాదాపు ఏమీ తెలీదు. శృతి బాగోలేదని పెట్టెని కాదన్నారు సరే, మనిషి గురించి రాయడానికి అడ్డేమొచ్చింది?

రెండో జవాబు సైనికుడి మీద. 'ఆ యుద్ధాలు మనవి కావు. బ్రిటిష్ వాడి జీతానికి పోయినవాళ్ళు. అల్లూరి సీతారామరాజు పుట్టిన నేల మీద వాళ్ళ గురించి ఏం రాస్తాం?' ప్రగతిశీల మిత్రులు కూడా ఈ మాట అంటారు, అందుకే దీన్ని పట్టించుకోవాలి.

తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం ఉంది. జనం దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచయుద్ధాలకీ అక్కణ్ణుంచి మగవాళ్ళు వెళ్ళారు. తర్వాత స్వతంత్ర భారత సైన్యంలోకీ వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు. ఊళ్ళో స్మారకం ఉంది. ఆగస్టు పదిహేనుకి టీవీవాళ్ళు వస్తారు, స్మారకం చూపిస్తారు, 'ఇంటికో జవాను' అంటారు, పోతారు. అందులో ఒక్క మనిషి జీవితం మొదలు నుంచి చివరిదాకా చెప్పరు. తెల్లవాడు చేసిందీ ఇదే. మొదటి యుద్ధం అయ్యాక చాలా భారతీయ గ్రామాల్లో పలకలు పెట్టించాడు: 'ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది మరణించారు' అని. పలక మీద అంకె ఉంటుంది, పేరుండదు. మనం ఆ పలక మీద పూలు వేశామే గానీ పేర్లు అడగలేదు.

రాయడం అంటే దణ్ణం పెట్టడం కాదు. వాళ్ళు ఎందుకు వెళ్ళారన్నది కదా అసలు ప్రశ్న. ఆకలా, పట్టుపట్టి చేర్పించారా, కులం అణిచివేత నుంచి తప్పించుకోవడానికా, లోకం చూద్దామనా? ఇంకో సంగతి. మదరాసు మనుషులు యుద్ధానికి పనికిరారని, 'వీరజాతులు' ఉత్తరాన ఉన్నాయని సిద్ధాంతం కట్టింది బ్రిటిష్‌వాళ్ళే. ఒకప్పుడు కుంపిణీ సిపాయిలకి ఉత్తరాదిన పేరే 'తిలంగాలు'. అలాంటిది 1920లలో మదరాసు పటాలాల్ని రద్దు చేసేశారు. రెండో యుద్ధం నెత్తిమీదకొచ్చాక మళ్ళీ అదే మనుషుల్ని పిలిచారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. తాడేపల్లిగూడెంలో విమానాల రన్‌వే వచ్చింది ఆ యుద్ధకాలంలోనే. యుద్ధం మనది కాదంటే కాకపోవచ్చు, అది మన పొలాల్లోకి మాత్రం వచ్చింది. అవసరానికి వీరుణ్ణి చేసి, అవసరం తీరాక ఇంటికి పంపిన మనిషి తిరిగొచ్చి ఊళ్ళో ఎక్కడ కూర్చున్నాడు? సైన్యంలో బెంచీ మీద అందరితో తిన్నవాడు ఊళ్ళో మళ్ళీ గుమ్మం బయటే నిలబడ్డాడా? అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదారు. ఆ పటాలం బడి, ఆ చదువు లేకుండా అంబేడ్కర్ చరిత్ర మొదలుపెట్టలేం. దాన్ని బానిసత్వం అని ఒక్క మాటలో కొట్టిపారేయడం సులువు. కొట్టిపారేశాక మనకి తెలిసేది మాత్రం సున్నా.

అమెరికా నల్లవాళ్ళు ఇదే ముడి విప్పుకున్నారు. జేమ్స్ రీస్ యూరప్ అని ఒకాయన. న్యూయార్క్‌లో పియానో వాయించాడు, బ్యాండు నడిపాడు. మొదటి యుద్ధంలో నల్లవాళ్ళ రెజిమెంటుతో ఫ్రాన్స్ వెళ్ళాడు. లెఫ్టినెంటుగా పోరాడాడు, వాళ్ళ బ్యాండుతో ఫ్రాన్స్ ఊళ్ళని ఊపేశాడు. ఆయన దేశం ఆయన్ని మనిషిగా చూడని రోజులవి. 1919లో తన బ్యాండు డ్రమ్మరు చేతిలో కత్తిపోటుకి చనిపోయాడు. ఆయనతో పాటు యుద్ధానికి వెళ్ళిన గాయకుడు నోబుల్ సిస్సిల్ ఆ జ్ఞాపకాలన్నీ రాసి పెట్టాడు. 'మనల్ని తొక్కిన దేశం కోసం పోరాడాడు, వీడి గురించి ఎందుకు' అనుకోలేదు. ఆ వైరుధ్యమే రాయదగ్గ కథ అనుకున్నాడు. అదే యుద్ధంలో అదే ఫ్రాన్స్‌లో మన దేశపు సిపాయిలూ ఉన్నారు.

మూడో జవాబు అందరికంటే మర్యాదస్తులది: 'రాయాలనే ఉందండీ, ఆధారాలు లేవు.'

బడ్డీ బోల్డెన్ కథ వినండి. జాజ్‌కి ఆదిపురుషుడంటారు. ఆయన వాయించిన ఒక్క స్వరం కూడా రికార్డులో మిగల్లేదు. మతిస్థిమితం తప్పి ఏళ్ళ తరబడి పిచ్చాసుపత్రిలో ఉండి 1931లో అక్కడే పోయాడు. జనం నోట మిగిలింది పుక్కిటి పురాణమే. మంగలి షాపు ఉండేదన్నారు, పత్రిక నడిపాడన్నారు. డొనాల్డ్ మార్క్విస్ అనే ఆయన ఊరి డైరెక్టరీలు, చర్చి పుస్తకాలు, పోలీసు, ఆసుపత్రి రికార్డులు ఏళ్ళ తరబడి తిరగేసి 1978లో జీవితచరిత్ర తెచ్చాడు. మంగలి షాపూ, పత్రికా కట్టుకథలని తేల్చాడు. ఆ మంగలి షాపు మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మా వైపు సన్నాయి, డోలు పట్టింది నాయీబ్రాహ్మణులే. పొద్దున క్షవరం చేసిన చెయ్యే సాయంత్రం సన్నాయి పట్టిన ఇళ్ళు ఎన్ని లేవు! అక్కడ అది పుకారుగా పుట్టి కొట్టుడుపోయింది. ఇక్కడ అది కళ్ళెదుట నిజం, దాన్ని ఎవరూ రాయలేదు.

ఆధారాలంటారా? రెండో యుద్ధంలో బర్మా రంగంలో సమాధైనా దక్కకుండా పోయిన దాదాపు 27 వేలమంది పేర్లు రంగూన్ దగ్గర టౌక్యాన్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాల్లో చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరి పేరు, జిల్లా పేరు కూడా ఉంటాయి. ఇంట్లో కూర్చుని వెతకొచ్చు. మొదటి యుద్ధం తర్వాత ఆసియా, ఆఫ్రికా సైనికుల్లో 45 వేల నుంచి 54 వేలమందికి తెల్లవాళ్ళతో సమానంగా స్మరణ దక్కలేదని 2021లో ఆ సంస్థ వేసిన కమిటీయే ఒప్పుకుంది. మరి మనం వేసిన కమిటీ ఏది?

ఇంకా సిగ్గుపడాల్సింది ఒకటుంది. మొదటి యుద్ధంలో జర్మన్లు పట్టుకున్న భారతీయ సిపాయిల్ని బెర్లిన్ దగ్గర వూన్స్‌డోర్ఫ్ శిబిరంలో పెట్టారు. అక్కడ పండితులు గ్రామఫోను గొట్టం ముందు వాళ్ళని నిలబెట్టి వాళ్ళ కథలు, పాటలు రికార్డు చేశారు. 1916 డిసెంబరులో మల్ సింగ్ అనే పంజాబీ సిపాయి అందులో ఇంటి వెన్న తలుచుకుని, ఇండియాకి తిరిగి వెళ్ళాలని ఉందని చెప్పాడు. ఆ గొంతు ఇవాళ్టికీ బెర్లిన్‌లో ఉంది. శత్రువు, అదీ ఖైదీగా పట్టుకున్నవాడు, తన స్వార్థం కోసమే కావచ్చు, మన సిపాయి గొంతు దాచాడు. మనం మన ఇంటి అరుగు మీద కూర్చున్న మిలిటరీ ఆయన గొంతు దాచలేదు. మన జేబుల్లో గొంతు దాచే యంత్రాలు వచ్చి ఎన్నేళ్ళైంది?

బ్యాండు మేళాల మీద మంచి పుస్తకం లేదా అంటే ఉంది. 2005లో గ్రెగొరీ బూత్ అనే విదేశీ పండితుడు భారతీయ పెళ్ళి బ్యాండ్ల మీద ఇంగ్లీషులో రాశాడు. బొంబాయి జాజ్ మీద నరేశ్ ఫెర్నాండెజ్ 2012లో తెచ్చాడు, అదీ ఇంగ్లీషే. హిందీ సినిమా పాటల వెనకున్న గోవా వాద్యగాళ్ళ పేర్లు అలా వెలుగులోకి వచ్చాయి. తెలుగులో మనం ఏం చేస్తున్నాం? సినిమా గాయకుల మీద పదో పుస్తకం, పదిహేనో అభినందన సంచిక. మద్రాసు రైలెక్కినవాడికి చరిత్ర ఉంటుంది, దెందులూరులో దిగిపోయినవాడికి ఉండదు. ఒక కళాకారుడి విలువ సినిమా దాకా వెళ్ళాడా లేదా అన్న ఒక్క కొలబద్దతో కొలిచే అలవాటు సాహిత్య పత్రికలకీ అంటుకుంది. అంతర్జాల పత్రికలకి కాగితం ఖర్చు కూడా లేదు, అయినా అదే వరస.

మనవాళ్ళకి చేతకాదా అంటే చేతనవును. బుర్రకథ నాజర్ జీవితం 'పింజారి'గా మన చేతికి వచ్చిందంటే అంగడాల వెంకటరమణమూర్తి ఆయన చెప్పింది విని అక్షరాల్లో పెట్టడం వల్లే. ఆ పుస్తకం పేరే చూడండి. జనం చిన్నచూపుతో పలికే కులం పేరుని అట్ట మీద ఎత్తి నిలబెట్టారు. నాజర్ పద్మశ్రీ అందుకున్నవాడు కాబట్టి రాశారు అంటారేమో. ఆ పుస్తకం బతికున్నది పద్మశ్రీ వల్ల కాదు. ఆకలి, గురువు, వీధి, పార్టీ, పాట అన్నీ ఆయన నోటి మాటగా అందులో ఉండబట్టి. అలాంటి జీవితాలు ఊరికి ఒకటైనా ఉంటాయి. వినేవాడు ఊరికి ఒకడు లేడు, అంతే తేడా.

సమయం కూడా మన చేతిలో లేదు. రెండో యుద్ధం తరం దాదాపు వెళ్ళిపోయింది. వాళ్ళ విషయంలో మనం ఓడిపోయాం, ఇక మనవల జ్ఞాపకాలే దిక్కు. 1971 యుద్ధంలో ఇరవయ్యేళ్ళవాడు 1951లో పుట్టినవాడు, ఆయనింకా మాట్లాడగలడు. పద్యనాటకాల ఆఖరి రోజుల్లో పెట్టె వాయించినవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. డీజే పెట్టెలు వచ్చి బ్యాండ్ల పొట్ట కొట్టాక క్లారినెట్టుని అటక మీద పెట్టి ఆటో తోలుకుంటున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి సన్మానాలు, శాలువాలు అక్కర్లేదు. శాలువా కప్పడం అంటే ఆ మనిషి నోరు తెరవకముందే కార్యక్రమం ముగించడం.

పత్రికలు నడిపేవాళ్ళని, వీటిలో రాసేవాళ్ళని అడుగుతున్నాను. ఏడాదికి ఒక్క పేరు పట్టుకోండి, మీ ఊరి పేరు. బ్యాండు మాస్టారి దగ్గరికి వెళ్ళండి, ఆయన ఇంటికే వెళ్ళండి, ఆఫీసుకి పిలవకండి. ఈ వాద్యం ఎక్కడ కొన్నారు, ఎంతకి, ఆ డబ్బు ఎవరిచ్చారు? మొదటి పాట ఏది, ఎవరు నేర్పారు? పెళ్ళివారు భోజనం ఎక్కడ పెట్టేవారు, అందరితోనా, విడిగానా? శవం ముందు ఏ పాట, అది ఎవరు ఎంచుకునేవారు? మిలిటరీ ఆయనైతే: ఏ ఊళ్ళో చేర్చుకున్నారు, ఇంటికి డబ్బు ఎలా వచ్చేది, పక్కమంచం మీద పడుకున్నవాడిది ఏ రాష్ట్రం, తిరిగొచ్చాక మొదటి వారం ఊళ్ళో ఎవరు పలకరించారు, ఎవరు పలకరించలేదు? ఆయన చెప్పినది సరిదిద్దకుండా ఆయన మాటలోనే ఉంచండి.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నది. ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన కొంచెం తడబడతాడు, ఓపిక పట్టండి. 'మాస్టారూ, మీ పేరేంటండీ? ఇంటిపేరుతో సహా చెప్పండి.'